కొండ ఎక్కిన పాత జీపులు, వాటిని ఎక్కించిన చేతులు



ఈమధ్య మన కుర్రవాళ్ళు పాత జీపులు కొంటున్నారు. పెద్ద టైర్లు వేయించి, ముందు వించ్ బిగించి, వాల్పారై, కొడగు, సకలేశపుర వైపు వెళ్ళి ఫొటోలు పెడుతున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వాటి కింద రాసే మాటలు చూస్తే మాత్రం ఈ విద్యంతా విదేశీ వీడియోల్లోంచి మొన్నమొన్ననే దిగివచ్చినట్టు అనిపిస్తుంది. జీపు అమెరికాలో పుట్టిన మాట నిజమే. దాన్ని మన కొండలకు, మన పెట్రోలు ఖర్చుకు, మన వానలకు తగ్గట్టు మార్చుకున్న విద్య మాత్రం ఇక్కడే, లేత్ పట్టరైల్లో, ఎస్టేట్ షెడ్లలో పెరిగింది. పట్టరై అంటే వర్క్‌షాపు. కోయంబత్తూరు వైపు తెలుగిళ్ళలో కూడా ఈ తమిళ మాటే వాడతాం, మిగతా రాష్ట్రాల సభ్యుల కోసం చెబుతున్నాం.

మన వలసల చరిత్ర రాసినప్పుడల్లా పాలెగాళ్ళు, మిల్లులు, ధర్మసత్రాలు, కాలేజీలు వస్తాయి. చేతికి గ్రీజు అంటుకున్న వాళ్ళు రారు. ఈ పోస్టు ఆ లోటు గురించే. కాస్త పొడుగైంది, తీరిగ్గా చదవండి.

యుద్ధం కోసం పుట్టిన బండి

1940 వేసవిలో అమెరికా సైన్యానికి తేలికగా ఉండి, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే చిన్న బండి కావాల్సి వచ్చింది. 135 కంపెనీలను అడిగారు. మొదటి నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోపు, 1940 సెప్టెంబరు 23న, బండిని తెచ్చి నిలబెట్టింది. కానీ అంత చిన్న కంపెనీ వేలకొద్దీ బళ్ళు చేసివ్వలేదని సైన్యం అనుకుంది. పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కు, ఫోర్డ్‌కు వెళ్ళాయి. ఆ రెండూ కలిసి యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఆ బండి లెక్కలు ఇవి. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 80 అంగుళాలు. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 60 గుర్రాల బలం. ముందు, వెనక కమాను పట్టీలు. మామూలు గేర్ల పక్కన ఇంకో చిన్న పెట్టె. ముందు చక్రాలకు బలం కలపడానికి, మొత్తం వేగాన్ని తగ్గించి లాగే బలం పెంచడానికి అందులో లీవర్లు ఉంటాయి. మన డ్రైవర్లు 'స్పెషల్ గేర్' అనేది దీన్నే. ఫోర్డ్ చేసిన జీపుల్లో చాలా భాగాల మీద, బోల్టు తలల మీద కూడా, ఆ కంపెనీ తన పేరులోని మొదటి అక్షరం కొట్టించింది. పాత జీపులు సేకరించేవాళ్ళు ఇప్పటికీ మసి తుడిచి ఆ అక్షరం కోసం వెతుకుతారు.

యుద్ధంలో మన దేశం తూర్పు సరిహద్దు పెద్ద రంగస్థలం. అస్సాం, బర్మా వైపు నడిచిన సైన్యాలతో పాటు జీపులూ వచ్చాయి. యుద్ధం ముగిశాక వాటన్నిటినీ ఓడలెక్కించి వెనక్కి తీసుకుపోవడం దండగ. మిగులు సామాను అమ్మకాల్లో అవి ఎస్టేట్ల చేతికి, కాంట్రాక్టర్ల చేతికి, బస్సు యజమానుల చేతికి చేరాయి. ఇక్కడ జీపుల కథ సెకండ్ హ్యాండుతోనే మొదలైంది.

కొత్త ప్రభుత్వం కూడా ఆ దారే పట్టింది. 1948లో లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమీనన్ సైన్యం కోసం బాగుచేసిన పాత జీపులు కొనడానికి సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. వచ్చినవి 155. పార్లమెంటులో పెద్ద గొడవైంది. 1955లో ప్రభుత్వం ఆ విషయాన్ని ముగించింది. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణంగా చెప్పుకునే ఆ వ్యవహారం పాత జీపుల గురించే. బాగుచేసిన జీపు అని చెప్పి అమ్మేవాణ్ణి నమ్మే ముందు బండి కిందికి దూరి చూడాలన్న పాఠం అప్పటినుంచీ ఉంది.

బొంబాయిలో బిగించిన జీపులు

1945లో మహీంద్రా అన్నదమ్ములు జె.సి., కె.సి., మాలిక్ గులాం మొహమ్మద్‌తో కలిసి ఉక్కు వ్యాపారం మొదలుపెట్టారు. పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశ విభజనతో గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1940ల చివర్లో బొంబాయి మజగావ్‌లో, పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. తర్వాతి సంవత్సరాల్లో ఒక్కొక్క భాగమూ ఇక్కడే చేయడం నేర్చుకున్నారు.

మన నాన్నలు, తాతలు ఎరిగిన జీపు ఎక్కువగా ఎత్తు బానెట్ ఉన్నది. ఆ ఎత్తుకు కారణం ఉంది. విల్లీస్ వాళ్ళు పాత ఇంజిన్ బలం పెంచడానికి గాలి తీసుకునే వాల్వులను పైకి, ఇంజిన్ తలలోకి మార్చారు. ఇంజిన్ ఎత్తు పెరిగింది, దాని మీద మూతా పెరిగింది. అమెరికాలో 1953లో వచ్చిన ఈ సీజే-3బీ అక్కడ 1968లో ఆగిపోయింది. మన దేశంలో దాని వంశం దశాబ్దాల తరబడి సాగింది.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పటి నుంచి బీడీవో గారి జీపు పల్లెలో ప్రభుత్వానికి గుర్తు అయింది. రోడ్డు లేని ఊరికి ప్రభుత్వం వెళ్ళింది జీపు మీదే. కోరాపుట్ కొండల్లోనైనా, బళ్ళారి ఎర్రమట్టి దారుల్లోనైనా ఆ నాటి వాళ్ళను అడగండి, జీపు శబ్దం వినగానే పిల్లలు పరిగెత్తుకొచ్చిన సంగతి చెబుతారు. అలా తిరిగి తిరిగి అరిగిపోయిన ప్రభుత్వ జీపులు వేలంలో మళ్ళీ పట్టరైలకు చేరేవి. పాత బండి దొరికే రెండో దారి అది.

కోవైలో లేత్ ఎలా వచ్చింది

కొనడం సులువే, నడపడం కష్టం. విడిభాగం విరిగితే అమెరికా నుంచి తెప్పించుకునే స్తోమత ఎవరికుంది? ఉన్న ఊళ్ళోనే చేయించుకోవాలి. అలా చేసిపెట్టగల ఊళ్ళలో కోయంబత్తూరు ఒకటి. అందుకు కారణమైన వాళ్ళలో మన భాష మాట్లాడే వాళ్ళు ఉన్నారు.

జి.డి. నాయుడు గారి పేరు అందరికీ తెలిసిందే. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి నుంచి పళనికి సర్వీసు మొదలుపెట్టారు. అదే తర్వాత యూఎంఎస్ అనే పెద్ద బస్సుల సంస్థ అయింది. బస్సు నడపడం వేరు, దాన్ని ప్రతిరోజూ నడిచేలా చూడడం వేరు. ఇంత బళ్ళ మందకు మరమ్మతులు చేయాలంటే సొంతంగా లేత్‌లు, పోతపోసే కొలిమి, చేయి తిరిగిన మనుషులు కావాలి. ఆ అవసరం నుంచే ఆయన పరిశ్రమలు పుట్టాయి. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారును బయటికి తెచ్చారు. 1945లో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్ స్థాపనకు నడుం కట్టారు. ఏళ్ళకేళ్ళు తరగతి గదిలో కూర్చోబెట్టడం కన్నా పని చేయించి నేర్పడం మేలని వాదించి ప్రభుత్వంతో తగవు పడ్డారు కూడా.

పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో ధర్మసంస్థ పెట్టినప్పుడు దానితో పాటే ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. బావులకు పంపులు, మిల్లులకు విడిభాగాలు, వాటికోసం పోత కొలిములు, వాటి చుట్టూ వందలకొద్దీ చిన్న లేత్ షెడ్లు. ఇవన్నీ జీపు కోసం వచ్చినవి కావు. కానీ కొండ మీద నుంచి విరిగిన ఇరుసుతో జీపు దిగినప్పుడు, ఆ ముక్క పట్టుకుని వెళ్ళడానికి ఒక తలుపు ఉండేది. పంపు షాఫ్ట్ కడిసే చెయ్యే జీపు బుష్ కూడా కడిసిపెట్టేది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది మన ఒక్కళ్ళ ఘనత అని రాసుకుంటే అబద్ధం అవుతుంది. ఆ షెడ్లలో తమిళులు, మలయాళీలు, ముస్లింలు, మనవాళ్ళు పక్కపక్కన నిలబడి పనిచేశారు. యజమాని బోర్డు మీద పేరు ఒకరిది, లేత్ దగ్గర చెయ్యి ఇంకొకరిది. మనం రాసుకున్న చరిత్రలో బోర్డు మీద పేర్లే ఉన్నాయి.

బోడి మెట్టు దారి

ఇక తేని వైపు రండి. బోడినాయకనూరు పాలెగాళ్ళు రాజకంబళం నాయకులు. గుత్తి సీమ నుంచి వచ్చామని వాళ్ళ వంశకథ. తేని, బోడి, కంబం, చిన్నమనూరు చుట్టుపక్కల ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఊరి వెనకే పడమటి కనుమలు గోడలా నిలబడి ఉంటాయి. ఆ గోడకు అవతల కేరళలోని ఇడుక్కి, ఏలకుల తోటలు. తోటలు అవతల, కూలీలు ఇవతల. ఈ ఒక్క వాక్యంలో ఆ ప్రాంతం జీపుల చరిత్ర అంతా ఉంది.

జీపు రాకముందు కొండ దాటడానికి గాడిదలు, తలమోతలు, తోవబళ్ళు ఉండేవి. మున్నార్ టీని టాప్ స్టేషన్ నుంచి తీగమార్గం మీద కింద కొట్టగుడికి దించి, అక్కణ్ణుంచి బోడికి తెచ్చేవారు. మున్నార్ వైపు నడిచిన కుండళ లోయ రైలును 1924 వరద తుడిచిపెట్టేసింది. మదురై నుంచి బోడికి 1928లో రైలు వచ్చింది. అదైనా కొండ పాదం దగ్గరే ఆగింది. పైకి వెళ్ళాలంటే రోడ్డు, ఆ రోడ్డుకు సరిపోయే బండి కావాలి. బోడి మెట్టు దారిలో 17 హెయిర్‌పిన్ మలుపులు. అవి దాటాక ఎస్టేట్ లోపలి దారికి మలుపులకు లెక్కే లేదు, తారు ఊసే లేదు.

తెల్లవారకముందే అన్నం మూట కట్టుకుని రోడ్డు పక్కన నిలబడే ఆడవాళ్ళను ఎక్కించుకుని జీపులు కొండ ఎక్కుతాయి. పొద్దుపోయాక దింపుతాయి. ఆ ఆడవాళ్ళలో తమిళం మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను మోసిన జీపు కంపెనీ నుంచి వచ్చిన జీపు కాదు. చాసిస్ పొడిగించి, వెనక ఎదురెదురు బల్లలు వేసి, కమాను పట్టీలకు అదనపు ఆకులు చేర్చి, పైన ఇనప పైపులతో గూడు కట్టి, డీజిల్ ఇంజిన్ పెట్టిన జీపు.

ఈ మార్పుల్లో మెచ్చుకోవలసిన తెలివి ఉంది, ఒప్పుకోవలసిన నిజమూ ఉంది. నలుగురికి చేసిన బండిలో పదిహేను మందిని కుక్కడానికే ఆ బల్లలు వేశారు. పరిమితికి మించి ఎక్కించుకున్న జీపులు లోయలో పడి కూలీ ఆడవాళ్ళు చనిపోయిన వార్తలు ఈ ప్రాంతంలో మళ్ళీమళ్ళీ వచ్చాయి. అదనపు ఆకు వేస్తే కమాను బరువు మోస్తుంది, కానీ బ్రేకు పాతదే. ఈ సంగతి మెకానిక్‌కు తెలుసు, డ్రైవరుకు తెలుసు. ఎక్కే ఆమెకు కూడా తెలుసు, అయినా ఎక్కేది, ఎందుకంటే ఆ రోజు కూలీ కొండ మీద ఉంది. పాత జీపు చరిత్రను సాహసం కథగా మాత్రమే చెప్పుకుంటే ఈ ఆడవాళ్ళు మళ్ళీ కనిపించకుండా పోతారు.

కొళుక్కుమలై ఇందుకు మంచి ఉదాహరణ. ఏడు వేల అడుగులకు పైన ఉన్న ఆ టీ తోట తేని జిల్లాలోనే ఉంది. కానీ జీపు వెళ్ళే దారి కేరళ వైపు సూర్యనెల్లి నుంచి. ఒకప్పుడు మనుషుల్ని, సరుకుల్ని మోసిన అలాంటి దారిలో ఇప్పుడు సూర్యోదయం చూడడానికి వచ్చినవాళ్ళు పాత మహీంద్రా జీపుల్లో ఎగిరిపడుతూ వెళ్ళి, అదొక సరదాగా చెప్పుకుంటారు. దారి అదే, జీపు అదే. ఒకరికి బతుకు, ఇంకొకరికి వినోదం.

ఏ మార్పు ఎందుకు చేశారు

కుర్రవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాం. పాత పట్టరైల్లో చేసిన ప్రతి మార్పు వెనకా ఒక అవసరం ఉంది, దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది.

మొదటిది డీజిల్ ఇంజిన్. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు జీపును పోషించడం ఏనుగును పోషించినట్టే అయింది. మహీంద్రా కంపెనీయే మొదట తన ట్రాక్టరులో వాడిన ఇంటర్నేషనల్ డీజిల్ ఇంజిన్‌ను జీపులోకి తెచ్చింది. 1979లో ఫ్రాన్స్‌లోని ప్యూజోతో ఒప్పందం చేసుకుని 2.1 లీటర్ల డీజిల్ ఇంజిన్ చేయడం మొదలుపెట్టింది. 'ప్యూజో ఇంజిన్ జీపు' అన్న మాట అలా వాడుకలోకి వచ్చింది. పట్టరైలు పాత పెట్రోలు బళ్ళలోకి కూడా డీజిల్ ఎక్కించాయి. ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య కలిపే పళ్ళెం లేత్ మీద కడవాలి. అది వెంట్రుకవాసి పక్కకు ఉన్నా క్లచ్ నిలవదు, గేర్‌బాక్సు బేరింగ్ తినేస్తుంది. డీజిల్ బరువెక్కువ కాబట్టి ముందు కమాను బలపరచాలి. దాని వేగం తక్కువ కాబట్టి గేర్ల లెక్క మళ్ళీ చూసుకోవాలి.

గేర్ల లెక్క అంటే ఏమిటో చెబుతాం. పాత సీజే-3బీలో మొదటి గేరు నిష్పత్తి 2.8. స్పెషల్ గేరుది 2.46. ఇరుసు మధ్యలో ఉండే క్రౌన్ పినియన్‌ది 5.38. మూడూ గుణిస్తే సుమారు 37. అంటే ఇంజిన్ 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అందుకే 60, 75 గుర్రాల బండి ఏనుగులా కొండ ఎక్కేది. దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజినే బండిని పట్టి ఉంచేది. టారు రోడ్డు మీద వేగం కోసం క్రౌన్ పినియన్ మార్పిస్తే ఈ 37 తగ్గిపోతుంది. పెద్ద టైరు వేసినా అదే నష్టం. ఇంకో సంగతి, క్రౌన్ పినియన్ మారిస్తే ముందుదీ వెనకదీ రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి. ఒక్కటే మారిస్తే నాలుగు చక్రాలూ కలిపిన క్షణం నుంచి ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ఏదో ఒకటి విరిగేదాకా ఆ పోరు ఆగదు.

రెండోది ఎత్తు పెంచడం. కంపెనీ జీపులో కమాను పట్టీ ఇరుసు కింద ఉంటుంది. దాన్ని ఇరుసు మీదికి మార్చి బిగిస్తే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. రాళ్ళ దారిలో అది వరమే. కానీ ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి దాని జాయింట్లు త్వరగా పోతాయి. స్టీరింగ్ కడ్డీ వంకర పడి, గుంతలో పడ్డప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది. బ్రేకు పైపు పొడవు చాలదు. అన్నిటికన్నా, బరువు పైకి పోయి పక్కవాటు దారిలో బండి బోల్తా పడడం సులువవుతుంది. ఎత్తు పెంచిన వాడు ఈ నాలుగూ సరిచేయకపోతే పని సగమే అయినట్టు.

మూడోది డిఫరెన్షియల్. మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి అది కావాలి. కానీ బురదలో ఒక చక్రం గాల్లో లేస్తే బలమంతా ఆ తేలిన చక్రానికే పోయి, నేల మీదున్నది ఊరకుంటుంది. లాకర్ కొనే డబ్బులేని రోజుల్లో వెనక డిఫరెన్షియల్‌లోని గేర్లను వెల్డింగ్ చేసి ఒకటి చేసేవాళ్ళు. ఎస్టేట్ బురదలో బాగా పనిచేస్తుంది. టారు రోడ్డు మీద మాత్రం మలుపు తిరిగినప్పుడల్లా టైరు ఈడ్చుకుపోతుంది, ఇరుసు మీద ఒత్తిడి పడుతుంది. అది తోట దాటని బండికి చేసిన వైద్యం.

ఇక ఖర్చు లేని విద్యలు. వానాకాలంలో టైర్లకు గొలుసులు కట్టడం. రాళ్ళ దారిలో టైర్లలో గాలి తగ్గించడం, కిందికి దిగాక మళ్ళీ నింపడం. వాగు దాటాక బ్రేకు మెల్లగా తొక్కి పట్టి డ్రమ్ముల్లో నీళ్ళు ఆరబెట్టడం. మర్నాడు ఇరుసు ఆయిల్ విప్పి చూసి, పాలలా తెల్లబడితే నీళ్ళు దిగినట్టు తెలుసుకుని మార్చేయడం. ఇవి చేయని బండికి ఎంత ఖరీదైన వించ్ పెట్టినా ఉపయోగం లేదని ఏ పాత మెకానిక్ అయినా చెబుతాడు.

జొంగా, జిప్సీ వచ్చాక

1969 నుంచి జబల్పూరు వెహికిల్ ఫ్యాక్టరీ నిస్సాన్ పెట్రోల్ నమూనాతో సైన్యం కోసం జొంగా చేసింది. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజిన్. సైన్యం వేలంలో కొన్నవాళ్ళు దాని తాగుడు భరించలేక డీజిల్ ఎక్కించారు. 1985 చివర్లో మారుతి జిప్సీ వచ్చింది. ఒక లీటరు లోపు ఇంజిన్, టన్ను లోపు బరువు. జీపు బలంతో వెళ్ళిన చోటికి ఇది తేలికదనంతో వెళ్ళింది. అప్పటినుంచి బరువు పెంచే విద్యతో పాటు బరువు తగ్గించే విద్య కూడా పట్టరైల్లోకి వచ్చింది. 2010లో థార్ వచ్చాక కొండదారి కొత్తగా ఉద్యోగస్థుల వారాంతపు ఆట అయింది. 2019లో జిప్సీ మామూలు కొనుగోలుదార్లకు ఆగిపోయింది. పాత బళ్ళ ధరలు పెరిగాయి. ఒకప్పుడు పాత ఇనుముగా తూకం వేసిన బండిని ఇప్పుడు లక్షలు పెట్టి కొంటున్నారు.

చట్టం ఏం చెబుతోంది

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీన్ని స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలన్నా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందుగా తీసుకుని, ఆర్సీలో రాయించుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. బీడీవో జీపు వేలంలో కొని బాగుచేసుకునే పాత దారి దాంతో మూసుకుపోతోంది.

కొందరు ఈ చట్టాన్ని తిట్టుకుంటారు. మేము అలా అనం. పొడిగించిన చాసిస్ మీద కూర్చుని ప్రాణాలు పోగొట్టుకున్న కూలీ ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే ఈ నిబంధన ఎప్పుడో రావలసింది. అలాగే రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా జీపు తోలడం నేరం. పాత జీపులు అడవి దారుల్లో తిరిగాయి కదా అంటారు. అవి పనికి వెళ్ళాయి, పని ఉన్న దారిలోనే వెళ్ళాయి. బండిని మార్చాలనుకున్నవాళ్ళు కాగితాలు సరిచేసుకుని, సొంత ఎస్టేట్‌లోనో, అనుమతి ఉన్న పోటీ మైదానంలోనో ఆడుకోండి.

ఇప్పుడు మనం చేయాల్సింది

ప్యూజో ఇంజిన్ కాలంలో లేత్ దగ్గర చేరిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఇప్పుడు అరవై దాటాయి. అతనికి నేర్పిన గురువులు చాలామంది లేరు. ఆ విద్య పుస్తకాల్లో లేదు, కొలతలు గోడ మీద సుద్దతో రాసుకున్నవి, షెడ్డుకు సున్నం వేసినప్పుడు పోయాయి. కమ్మరి కొడుకు కంప్యూటర్ చదివి బెంగుళూరు వెళ్ళాడు, అందులో తప్పేమీ లేదు. కానీ తండ్రికి తెలిసింది ఎవరైనా అడిగి రాసుకోవాలి కదా.

సంఘం సభ్యులకు మా మనవి ఇది. మీ ఇంట్లో పాత జీపు ఆర్సీ పుస్తకం ఉంటే, బండి అమ్మేసినా సరే, దాన్ని పారేయకండి, ఫొటో తీసి పంపండి. అందులో ఇంజిన్ నంబరు, మారిన ఇంజిన్ వివరం, చేతులు మారిన తేదీలు ఉంటాయి. అంతకన్నా నమ్మదగిన చరిత్ర దొరకదు. పట్టరై బిల్లులు, వేలం రసీదులు, జీపు ముందు నిలబడి దిగిన పెళ్ళి ఫొటోలు, ఏవైనా సరే. ఫొటో వెనక ఊరు, సంవత్సరం, మనుషుల పేర్లు ఇప్పుడే రాయించండి. పేర్లు చెప్పగల అమ్మమ్మ ఉన్నప్పుడే ఆ పని అవుతుంది.

బొంబాయి సభ్యుల కుటుంబాల్లో మజగావ్‌లోనో, కాందివలిలోనో జీపు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు ఉంటే వాళ్ళ మాటలు రికార్డు చేయండి. ఒడిశా సభ్యులు కోరాపుట్, రాయగడ వైపు ప్రభుత్వ జీపు డ్రైవర్ల కుటుంబాలను కలవండి. బళ్ళారి, సండూరు వైపు గనుల దారుల్లో జీపు తోలినవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. యానాం సభ్యులకు కొండలు లేవు, కానీ గోదావరి లంకల బురద ఉంది. ఆ బురదలో బండి ఎలా లాగేవారో చెప్పండి. తేని, బోడి సభ్యులకు ప్రత్యేకంగా ఒక కోరిక. డ్రైవర్లనే కాదు, వెనక బల్ల మీద కూర్చుని ఇరవై ఏళ్ళు కొండ ఎక్కి దిగిన ఆడవాళ్ళను కూడా అడగండి. ఆ జీపు ఎలా ఉండేదో వాళ్ళ నడుముకు తెలిసినంత ఏ ఇంజినీరుకూ తెలియదు.

కుర్రవాళ్ళకు చివరగా ఒక మాట. జీపు కొన్నప్పుడు ముందు టైర్ల దుకాణానికి పోకండి. మీ ఊళ్ళో అరవై దాటిన మెకానిక్ ఒకాయన ఉంటాడు. టీ ఇప్పించి, బండి కింద ఆయనతో పాటు ఒక గంట పడుకోండి. ఏది మార్చొచ్చో చెబుతాడు, ఏది మార్చకూడదో అంతకన్నా బాగా చెబుతాడు. ఆయన చెప్పింది అదే రాత్రి రాసి, ఆయన పేరు, ఊరు పెట్టి, ఆయన అనుమతితో మాకు పంపండి. వచ్చే సావనీర్‌లో మిల్లు యజమానుల ఫొటోల పక్కన ఆ ఫొటో కూడా అచ్చు వేద్దాం.